పప్పు ఉడికే నీళ్లన్నీ మంచినీళ్లు కావు: బోరు నీటిలో ఫ్లోరైడును పరీక్షించుకోవడం ఎలా

మన పల్లెల్లో నీటి మంచిచెడ్డలు తేల్చడానికి పాత పద్ధతులు రెండున్నాయి. ఒకటి నోట్లో పోసుకుని రుచి చూడడం, రెండోది ఆ నీళ్లతో కందిపప్పు వండి చూడడం. నీళ్లు ఉప్పగా ఉన్నా, పప్పు ఉడకకపోయినా ఆ బోరు పశువులకూ పొలానికీ వదిలేస్తారు. తియ్యగా ఉండి పప్పు మెత్తగా ఉడికితే తాగడానికి పెట్టుకుంటారు. మిగతా వాడకానికి ఈ పద్ధతి అక్కరకొస్తుంది గానీ, ఫ్లోరైడు విషయంలో మాత్రం తలకిందులుగా దారి చూపే ప్రమాదం ఉంది. పప్పును ఉడకనివ్వనిది ముఖ్యంగా నీటిలోని కాల్షియం. నీటిలో ఫ్లోరైడు మరీ ఎక్కువగా కరగకుండా అడ్డుపడేదీ ఆ కాల్షియమే. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేటు ఎక్కువగా ఉండి కొద్దిపాటి క్షారగుణం ఉన్న నీటిలో పప్పు చక్కగా ఉడుకుతుంది, గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు ఎక్కువగా చేరేదీ అలాంటి నీటిలోనే. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, మన బోర్లలో కనిపించే మోతాదుల్లో రుచీ తెలియదు. కొలిచి చూడడం తప్ప మరో దారి లేదు.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. ఫ్లోరైడు ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే ఫ్లోరోసిస్ అనే వ్యాధి గురించి మన దేశంలో మొదటిసారి 1937లో షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు వివరంగా రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. ఆ తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధికి ఎంతగా ముడిపడిందంటే, పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన విధానాన్ని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. మిషన్ భగీరథ వంటి పథకాలతో నది నీరు ఊళ్లకు చేరాక ఇక బోరు నీటి పరీక్ష ఎందుకని చాలామంది అడుగుతారు. నల్లా రాని రోజున మళ్లీ బోరే దిక్కవుతుంది, పొలం పనికి వెళ్లినవారు అక్కడి బోరు నీళ్లే తాగుతారు, తాగడానికి క్యాను నీళ్లు కొనే ఇంట్లో కూడా అన్నం, పప్పు, టీ బోరు నీటితోనే అవుతాయి. అందుకే ఈ పరీక్ష.

నమూనా తీయడం

పరీక్షలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ల్యాబులో కాక బోరు దగ్గరే జరుగుతాయని నా అభిప్రాయం. మొదట సీసా సంగతి. ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావాలి. ఒక లీటరు పట్టేది చాలు. నేను మొదటిసారి నమూనా తీసినప్పుడు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాను ఒకసారి కడిగి నింపేశాను. కోలా పానీయాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుందనీ, ఫాస్ఫేటు కలిస్తే రంగు మీద ఆధారపడే ఫ్లోరైడు పరీక్షలు ఉన్నదానికంటే ఎక్కువ చూపగలవనీ ఆ తరువాత తెలిసి, ఆ నమూనా పారబోసి మళ్లీ మొదలుపెట్టాను. కొత్త మంచినీళ్ల సీసా కొని, అందులో నీళ్లు తాగేసి, దాన్నే వాడడం అన్నిటికన్నా సులువు.

మోటారు వేసి ఐదు పది నిమిషాలు నీటిని పోనివ్వాలి, ఎందుకంటే పైపులోనూ కేసింగులోనూ నిలిచిన నీరు భూమిలోని నీటి సంగతి సరిగా చెప్పదు. నమూనాను బోరు దగ్గరి గొట్టం నుంచే పట్టాలి గానీ మిద్దె మీది ట్యాంకు నుంచి కాదు. ట్యాంకులో నల్లా నీరు, బోరు నీరు కలిసిపోయి ఉంటే వచ్చే అంకె దేనిదో ఎవరికీ తెలియదు. సీసానూ మూతనూ అదే నీటితో మూడుసార్లు తొలిపి, నిండుగా నింపి, మూత గట్టిగా బిగించాలి. చెరగని మార్కరుతో ఊరు, బోరు ఉన్న చోటు, లోతు, తేదీ, సమయం సీసా మీదే రాయాలి. మూత మీద రాస్తే ల్యాబులో మూతలు తారుమారు కావచ్చు. క్రిముల పరీక్షకు ఇచ్చే నమూనాలా దీన్ని ఐసులో పెట్టనక్కరలేదు, గంటల్లో చేర్చాలన్న తొందరా లేదు, కొన్ని రోజులు ఆలస్యమైనా ఫ్లోరైడు మారిపోదు.

మీ పెరట్లోని బోరుకూ పక్కింటి బోరుకూ అంకెలు వేరుగా రావచ్చు. లోతు, రాతి పగుళ్లు, నీరు రాయిలో నిలిచిన కాలం వేరైతే ఫ్లోరైడూ వేరవుతుంది. కాబట్టి ఊరికి ఒక పరీక్ష చేయించి ఊరంతటికీ వర్తింపజేయడం సరికాదు. ల్యాబు మీద నమ్మకం కుదరకపోతే ఒకే నీటిని రెండు సీసాల్లో పట్టి, రెండు వేర్వేరు పేర్లు రాసి ఇవ్వండి. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా వస్తే సరే, లేకపోతే ఆ రెండింటినీ పక్కన పెట్టి వేరే చోట చేయించండి.

ఎక్కడ చేయించాలి, ఏ పద్ధతిలో

జిల్లాల్లోనూ, కొన్ని సబ్‌డివిజన్లలోనూ గ్రామీణ నీటి సరఫరా విభాగం నడిపే ల్యాబులు ఉన్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో మహిళలకు శిక్షణ ఇచ్చి ఫీల్డ్ టెస్ట్ కిట్లు కూడా అందజేశారు, మీ పంచాయతీలో ఎవరి దగ్గర ఉందో అడగండి. జిర్కోనియం, అలిజరిన్ అనే రసాయనాలు కలిసిన కిట్లలో నాళికను గీత దాకా నీటితో నింపి, మందు చుక్కలు వేసి, కదిపి, కిట్టులో చెప్పినంతసేపు ఆగాలి. ఫ్లోరైడు లేని నీరు గులాబి రంగులో నిలుస్తుంది, ఫ్లోరైడు పెరిగేకొద్దీ ఆ గులాబి వెలిసిపోయి పసుపుకు తిరుగుతుంది. ఈ రంగును ఎండలో కాక నీడలో, వెనుక తెల్ల కాగితం పెట్టి కార్డుతో పోల్చాలి. ఎంత జాగ్రత్తగా చూసినా లీటరుకు 1 మిల్లీగ్రాముకీ 1.5కీ మధ్య తేడాను కంటితో తేల్చడం కష్టం. కిట్టు ఉపయోగం జల్లెడ పట్టడం వరకే. పసుపుకు తిరిగిన ప్రతి నీటినీ ల్యాబుకు పంపాలి.

ల్యాబులో సాధారణంగా రెండు పద్ధతులు ఉంటాయి: స్పాడ్న్స్ అనే రంగు పద్ధతి ఒకటి, ఫ్లోరైడు ఎలక్ట్రోడ్ పద్ధతి మరొకటి. మామూలు బోరు నీటికి రెండూ పనికొస్తాయి గానీ, పటికతో శుద్ధి చేసిన నీటికి మాత్రం ఎలక్ట్రోడ్ పద్ధతే అడగండి. పటికలోని అల్యూమినియం ఫ్లోరైడును పట్టుకుని ఉండడం వల్ల రంగు పద్ధతిలో అంకె తక్కువగా కనిపించవచ్చు, అంటే నీరు నిజంగా బాగుపడకుండానే బాగుపడినట్టు రిపోర్టు రావచ్చు. ఎలక్ట్రోడ్ పద్ధతిలో కలిపే బఫరు అనే ద్రావణం ఆ బంధాన్ని విడదీసి కొలుస్తుంది. ఫ్లోరైడుతో పాటు పీహెచ్, క్షారత, కాఠిన్యం, కాల్షియం, నైట్రేటు, టీడీఎస్ కూడా రాయించుకోండి.

టీడీఎస్ అన్నాను కాబట్టి ఒక మాట. జేబులో పట్టే టీడీఎస్ మీటరు పెట్టి నీరు మంచిదో కాదో తేల్చేసే అలవాటు ఇప్పుడు ఇంటింటికీ పాకింది. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుందే తప్ప అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పలేదు. టీడీఎస్ 400 ఉన్న నీటిలో ఫ్లోరైడు 3 ఉండవచ్చు, 1,500 ఉన్న నీటిలో అర మిల్లీగ్రామే ఉండవచ్చు.

అంకెను చదవడం

భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి ఇచ్చిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. మరో నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5. రిపోర్టులో కొన్నిసార్లు పీపీఎం అని ఉంటుంది, తాగునీటి విషయంలో పీపీఎం, లీటరుకు మిల్లీగ్రాము రెండూ ఒకటే అనుకోవచ్చు.

అయితే ఆ కాగితం మీది అంకె నీటిది, శరీరానిది కాదు. ఎముకలకు లెక్క లీటరులో ఎంత ఉందన్నది కాదు, రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు లోపలికి వెళ్లాయన్నది. అన్ని మార్గాల నుంచీ కలిపి రోజుకు 14 మిల్లీగ్రాములు చేరితే ఎముకలకు హాని స్పష్టంగా పెరుగుతుందనీ, సుమారు 6 దాటినప్పటి నుంచే ప్రమాదం పెరిగే సూచనలున్నాయనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. ఇప్పుడు మన ఎండాకాలం లెక్క వేద్దాం. ఏసీ గదిలో కూర్చుని రెండు లీటర్లు తాగేవారికి 1.4 ఉన్న నీటితో 2.8 మిల్లీగ్రాములు చేరతాయి. అదే నీటిని మే నెలలో పొలంలో ఐదు లీటర్లు తాగే కూలీకి 7 మిల్లీగ్రాములు చేరతాయి, నీరేమో అనుమతి పరిమితి లోపలే ఉంటుంది. దీనికి వంట కలపాలి. అర కిలో బియ్యం అత్తెసరు పెడితే సుమారు లీటరు నీరు అన్నంలోకి వెళ్తుంది. గంజి వారిస్తే కొంత ఆ గంజితో పోతుంది. తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడును ఆకుల్లో పోగుచేసుకుంటుంది కాబట్టి టీ ఎక్కువగా తాగే ఇంట్లో అదీ లెక్కలోకి వస్తుంది.

పసిపిల్లల లెక్క వేరు. తల్లిపాలలో ఫ్లోరైడు చాలా తక్కువ, తల్లి తాగే నీటిలో ఎక్కువగా ఉన్నా పాలలోకి వచ్చేది కొద్దిగానే. డబ్బాపాలను ఆ బోరు నీటితో కలిపితే మాత్రం నీటిలో ఉన్నదంతా బిడ్డకు చేరుతుంది. ఇంట్లో ఒక్కరికే మంచి నీరు దొరికే పరిస్థితి ఉంటే అది ముందు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, ఆ తరువాత కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇవ్వాలి, ఎందుకంటే ఫ్లోరైడును బయటికి పంపే పని ముఖ్యంగా కిడ్నీలదే.

పళ్లు, మూత్రం, ఎముకలు

పళ్ల మీద మచ్చ కనిపించగానే నేటి నీటిని నిందించకూడదు. ముందు పళ్ల పింగాణీ పొర తయారయ్యేది బిడ్డకు తొలి మూడు నాలుగేళ్లలో. పన్నెండేళ్ల పిల్లవాడి ముందు పళ్ల మీది గోధుమరంగు చార అతడు పాకే వయసులోనూ బడికి రాని వయసులోనూ తాగిన నీటి సంగతి చెబుతుంది. నీరు మార్చిన తరువాత ఫలితం చూడాలంటే ఆ తరువాత పుట్టిన పిల్లల పళ్లు చూడాలి. ఫ్లోరోసిస్ మచ్చ పింగాణీ లోపలే ఉంటుంది, గీకితే పోదు, ఎడమ పన్నుకూ దాని జతైన కుడి పన్నుకూ దాదాపు ఒకేలా వస్తుంది. గుట్కా, పొగాకు గారకు ఆ పొందిక ఉండదు, పళ్ల డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది.

ప్రస్తుతం ఎంత చేరుతోందో మూత్ర పరీక్ష కొంతవరకు చెబుతుంది. ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఏళ్ల తరబడి ఎముకల్లో చేరిన ఫ్లోరైడు నీరు మార్చాక కూడా నెమ్మదిగా బయటికి వస్తూనే ఉంటుంది, కాబట్టి మంచి నీటికి మారిన కొత్తలో మూత్రంలో అంకె ఎక్కువగా ఉందని కంగారుపడనవసరం లేదు. గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను అందుకోలేకపోవడం, చేతులు తల వెనక్కు పెట్టలేకపోవడం ఎముకల ఫ్లోరోసిస్‌ను అనుమానించడానికి వాడే సులువైన పరీక్షలు. ఇవి కీళ్లవాతంలోనూ, వయసు మీద పడినప్పుడూ కనిపిస్తాయి గనుక ఇంట్లోనే తీర్పు చెప్పుకోకుండా, నీటి రిపోర్టును చేతపట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి ముంజేతి ఎక్స్‌రే గురించి అడగండి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉండడం ఈ వ్యాధికి బలమైన గుర్తు.

అంకె ఎక్కువ వస్తే

కాచడం పనికిరాదు; నీరు ఆవిరైపోయి ఫ్లోరైడు మిగులుతుంది కాబట్టి అంకె ఇంకా పెరుగుతుంది. గుడ్డతో వడకట్టడం, క్యాండిల్ ఫిల్టరు, యూవీ దీపం కూడా ఫ్లోరైడును ఏమీ చేయవు. అన్నిటికన్నా మంచిది వేరే వనరుకు మారడం: నది నీరు, లేదా శుభ్రంగా పట్టి దాచిన వాన నీరు. అది కుదరనప్పుడు ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడును చాలావరకు తొలగిస్తుంది, కానీ పొర పాతబడితే నీరు వస్తూనే ఉండి పని మాత్రం ఆగిపోతుంది. ఊరి ప్లాంటు నుంచి క్యాను కొనేవారు కూడా ఆ శుద్ధి చేసిన నీటికి ఆరు నెలలకోసారి ఫ్లోరైడు పరీక్ష చేయించాలి. యంత్రం వదిలేసే వృథా నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కగా ఉంటుంది, దాన్ని పశువుల తొట్టిలో పోయకండి.

నల్లగొండ టెక్నిక్‌ను ఇంట్లోనూ చేయవచ్చు. అడుగు నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున కుళాయి ఉన్న బకెట్టులో నీరు పోసి, సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక కలిపి, పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచి, పైనున్న తేటనీటిని కుళాయి నుంచి పట్టుకోవాలి. పటిక ఎంతన్నది నీటి క్షారతను బట్టీ ఫ్లోరైడును బట్టీ మారుతుంది కనుక మోతాదును ల్యాబు వారి చేత మీ రిపోర్టు చూపించి రాయించుకోండి. తోచినంత వేయడం పనికిరాదు, పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది.

చింతపండు గురించి అడిగేవారు చాలామంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన అధ్యయనంలో హాస్టలు అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు ఇస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడు పెరిగింది. కొద్దిమంది పిల్లల మీద, కొద్ది రోజులు జరిగిన పని అది. దాన్ని చూసి వ్యాధి నయమవుతుందని అనుకోకూడదు. పులుసు తినండి, పాలు పెరుగు, ఆకుకూరలు తినండి, నీరు మార్చడం మాత్రం వాయిదా వేయకండి.

మొదటి పరీక్ష మే నెలలో చేయిస్తే రెండోది వానలు తగ్గాక నవంబరులో చేయించాలి. వాన నీరు కలిసి ఫ్లోరైడు తగ్గడం మామూలే అయినా అన్ని బోర్లలోనూ అలా జరగదు. బోరును ఇంకా లోతుకు దించినా, కొత్త బోరు వేసినా పాత కాగితం చెల్లదు, మళ్లీ నమూనా తీయాలి. వచ్చిన అంకెను, తేదీతో సహా, మోటారు స్టార్టరు పెట్టె లోపలి తలుపు మీద రాసిపెట్టండి. కాగితం పోయినా అది ఉంటుంది.