పేజీ తెరవగానే బ్రౌజర్ క్రాష్ అవుతోందా? ఇలా చేయండి

2015లో క్రోమ్‌లో ఓ వింత బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) బయటపడింది. లింక్ మొత్తం కలిపి 16 అక్షరాలే, క్లిక్ కూడా చెయ్యక్కర్లేదు, మౌస్ దాని మీదకి పోతే చాలు క్రాష్. అది క్రాష్‌తోనే ఆగింది గానీ అన్ని బగ్‌లూ అలా ఉండవు, బ్రౌజర్ వాడేసి వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకునే రకం బగ్ ఉంటే దాని చాటున పేజీ రాసినోడు తన కోడ్ నడిపించే ఛాన్స్ ఉంటుంది. అందుకే "క్రాషే కదా" అని వదిలెయ్యొద్దు.

1. ముందు ఆ టాబ్‌ని చంపెయ్యండి. విండోస్‌లో క్రోమ్ అయితే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో ఆ పేజీని సెలెక్ట్ చేసి ఎండ్ చేస్తే మిగతా టాబ్‌లు మామూలుగా బతికే ఉంటాయి. బ్రౌజర్ మొత్తం బిగుసుకుపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి విండోస్ టాస్క్ మేనేజర్ లోంచి మూసెయ్యండి.

2. మళ్లీ ఓపెన్ చేసేటప్పుడే అందరూ దొరికిపోయేది. "రీస్టోర్ చెయ్యమంటారా" అని అడుగుతుంది, మనం అలవాటుగా నొక్కేస్తాం, అదే పేజీ మళ్లీ లోడ్ అయ్యి మళ్లీ క్రాష్! నొక్కొద్దు. పాత టాబ్‌లు వాటంతటవే వచ్చే సెట్టింగ్ ఉంటే ముందు నెట్ ఆపి, బ్రౌజర్ తెరిచి, ఆ టాబ్ తీసేసి, అప్పుడు నెట్ ఆన్ చెయ్యండి. ఫోన్‌లో కూడా ఇదే, ఏరోప్లేన్ మోడ్ పెట్టుకుంటే సరి.

3. అప్‌డేట్. క్రోమ్‌లో మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్. ఫైర్‌ఫాక్స్‌లో కూడా హెల్ప్‌లోనే అబౌట్ ఫైర్‌ఫాక్స్. అప్‌డేట్ డౌన్‌లోడ్ అయిపోయినా రీలాంచ్ నొక్కేదాకా మీరు నడిపేది పాత వెర్షనే, యాభై టాబ్‌లు పెట్టుకుని వారాల తరబడి బ్రౌజర్ మూయని వాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి (మీరే, మీరే). ఐఫోన్‌లో సఫారీకి విడిగా అప్‌డేట్ అంటూ ఉండదు, ఐఓఎస్ అప్‌డేట్ చేసుకోవాల్సిందే.

4. అప్‌డేట్ అయ్యాక అన్ని సైట్లలోనూ క్రాష్ అవుతుంటే తప్పు పేజీది కాకపోవచ్చు. ఇన్‌కాగ్నిటోలో (క్రోమ్‌లో హిస్టరీ దాచుకోని ప్రైవేట్ విండో) మామూలుగా ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి మనం అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, పనిచెయ్యవు కదా, అందులో చూడండి, అక్కడ బాగానే ఉంటే ఎక్స్‌టెన్షన్లు అన్నీ ఆఫ్ చేసి ఒక్కోటీ ఆన్ చేసుకుంటూ పోతే దొంగ ఎవరో తెలిసిపోతుంది.