స్మారక అవార్డులకి సినిమా పంపుతున్నారా? ముందు ఆ పేరు ఎవరిదో చదవండి

చిన్న బడ్జెట్‌లో మొదటి సినిమా తీసినవాళ్లు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఏడాదో రెండేళ్లో యానిమేషన్ చేసినవాళ్లు, పని పూర్తవగానే పెద్ద ఫెస్టివల్స్ పేర్లే వెతుకుతారు. వెతకండి, తప్పులేదు. కానీ ఒక సినిమా మనిషి పోయాక ఆ పేరు మీద ఇంటివాళ్లో, స్నేహితులో, ఫిల్మ్ సొసైటీవాళ్లో పెట్టిన అవార్డులు కూడా ఉంటాయి, వాటి వైపు మనవాళ్లు చూసేది తక్కువ. నన్నడిగితే కొత్తవాళ్లు ముందు చూడాల్సింది వాటినే, ఎందుకంటే అందులో చాలావాటిని పెట్టిందే మొదటి సినిమావాళ్ల కోసం, డబ్బూ పలుకుబడీ లేకుండా తీసేవాళ్ల కోసం.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. గొల్లపూడి మారుతీరావు గారి అబ్బాయి శ్రీనివాస్ తన మొదటి సినిమా డైరెక్ట్ చేస్తూ 1992 ఆగస్టు 12న విశాఖ సముద్ర తీరంలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మిగిలిన సినిమాని తండ్రే పూర్తి చేశారు. ఆ తర్వాత కొడుకు పేరుతో ఫౌండేషన్ పెట్టి, ఏటా ఆగస్టు 12న చెన్నైలో దేశంలోని ఏ భాషలోనైనా మొదటి సినిమా తీసిన ఒక డైరెక్టర్‌కి జాతీయ అవార్డు ఇస్తూ వచ్చారు. 'తారే జమీన్ పర్' తీసినందుకు ఆమిర్ ఖాన్ అందుకున్నది కూడా ఈ అవార్డే. తెలుగు కుటుంబం పెట్టినదైనా తెలుగువాళ్లకే అని గిరి గీయలేదు, మొదటి సినిమా అయితే చాలన్నారు. ఆ ఒక్క షరతులోనే ఆ అబ్బాయి కథంతా ఉంది.

అందుకే నేను చెప్పే మొదటి పని: అప్లికేషన్ తెరవకముందు ఒక సాయంత్రం ఆ పేరు గలవాళ్ల గురించి చదవండి. కేరళలో ఫిల్మ్ సొసైటీల ఫెడరేషన్ నడిపే SIGNS (సైన్స్) అనే ఫెస్టివల్‌లో డాక్యుమెంటరీలకి, షార్ట్ ఫిల్మ్స్‌కి మలయాళ డైరెక్టర్ జాన్ అబ్రహాం పేరు మీద అవార్డులున్నాయి. ఆయన ఒడెస్సా కలెక్టివ్ అనే బృందంలోని స్నేహితులతో ఊరూరా తిరిగి, ఊళ్లలో సినిమాలు వేసి చూపించి, జనం ఇచ్చిన చందాలతో 1986లో సినిమా తీశారు, మరుసటి ఏడాదే పోయారు. అలాంటి మనిషి పేరున్న చోట మీ కెమెరా మోడలూ డ్రోన్ షాట్లూ ఏకరువు పెడితే ఏం లాభం? మీ సినిమాకి ఎవరెవరు చెయ్యేశారో, షూటింగ్‌కి అన్నం ఎవరింట్లో వండారో రాస్తే అవార్డు ఇచ్చేవాళ్లకి నచ్చుతుంది. తిరువనంతపురంలో జరిగే కేరళ అంతర్జాతీయ చిత్రోత్సవంలో మలయాళ డైరెక్టర్ కె.ఆర్. మోహనన్ పేరిట ఉన్నది మన దేశంలోని కొత్త డైరెక్టర్ల కోసం. ముంబయిలో ఎల్‌జీబీటీ సినిమాల కోసం జరిగే కాశిష్ ఫెస్టివల్‌లో ఫిల్మ్ మేకర్ రియాద్ వాడియా పేరిట ఉన్నది కెరీర్ తొలి రోజుల్లో ఉన్న భారతీయ ఫిల్మ్ మేకర్ల కోసం. ఒక్కోదాని మనసు ఒక్కోలా ఉంటుంది. సినిమా ఎందుకు తీశారో చెప్పే స్టేట్‌మెంట్ అన్నిటికీ ఒకటే కాపీ పేస్ట్ చేయకండి.

యానిమేటర్లయితే హెలెన్ హిల్ గురించి తప్పకుండా చదవండి. అమెరికాలోని సౌత్ కరోలినాలో పుట్టి, కెనడాలోని హాలిఫాక్స్‌లో కొన్నేళ్లు ఉండి సినిమాలు తీస్తూ పాఠాలు చెప్పి, తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో స్థిరపడ్డారు. బొమ్మలు కత్తిరించి, ఫిల్మ్ మీదే గీసి, ల్యాబ్‌కి పంపకుండా ఆ ఫిల్మ్‌ని ఇంట్లోనే డెవలప్ చేసుకుని సినిమాలు చేసేవారు. ఆ పద్ధతులన్నీ నలుగురి దగ్గరా పోగుచేసి ఒక చిన్న పుస్తకంగా కూడా వేశారు. 2005లో కత్రినా తుఫాను తెచ్చిన వరదలో ఆమె ఇంట్లోని రీళ్లు నీళ్లలో నానిపోయాయి, 2007 జనవరిలో తానుంటున్న ఇంట్లోనే ఆమెను ఎవరో కాల్చి చంపారు. ఎవరూ పట్టించుకోని పాత సినిమాల కోసం జరిగే ఆర్ఫన్ ఫిల్మ్ సింపోజియం అనే సదస్సువాళ్లు ఆమె పేరు మీద స్వతంత్రంగా పనిచేసే ఫిల్మ్ మేకర్లకి అవార్డు పెట్టారు. చేత్తో గీసి, మట్టితో చేసి, పాత చీరముక్కలు అతికించి యానిమేషన్ చేసేవాళ్లు మన దగ్గరా ఉన్నారు, పెద్ద స్టూడియో నునుపు లేదని సంకోచపడి పంపకుండా ఉంటారు. ఇలాంటి చోట్ల చేతి గుర్తు కనిపించడమే బలం.

ఇక స్టేట్‌మెంట్ సంగతి. 'సమాజంలో మార్పు తేవాలన్న తపనతో ఈ చిత్రాన్ని రూపొందించాను' అనే వాక్యం జ్యూరీ ముందుకి రోజూ వస్తుంది, దాన్నిబట్టి మీరెవరో వాళ్లకి తెలీదు. అదే 'మా ఊరి చెరువు ఎండిపోయాక వలలు కట్టిన చేతులే ఇప్పుడు ఆటో హ్యాండిల్ పట్టుకున్నాయి, మా మావయ్య ఆటోలో వెనక సీటు కింద ఇంకా పాత వల ఉంది, అక్కడ మొదలైంది ఈ సినిమా' అని రాస్తే చదివేవాళ్లకి సినిమా చూడాలనిపిస్తుంది. ముందు తెలుగులో రాయండి, మీరు మాట్లాడేటట్టే. ఆ తర్వాత భాష బాగా వచ్చిన ఒకరి చేత ఇంగ్లీషులోకి మార్పించండి. ఒక పేజీ దాటకూడదు.

కాగితాల దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. మొదటి సినిమా అంటే వాళ్ల లెక్కలో ఏంటో చూడండి: కొన్నిచోట్ల అంతకుముందు షార్ట్ ఫిల్మ్స్ తీసినా మొదటి ఫీచర్ (పూర్తి నిడివి సినిమా) అయితే సరిపోతుంది, కొన్నిచోట్ల ఇద్దరు డైరెక్టర్లుంటే ఇద్దరికీ మొదటిదే అయ్యుండాలి. ఎంట్రీ ఎవరు పంపాలో కూడా చూడండి, కొన్ని అవార్డుల్లో అది నిర్మాత పేరు మీదే వెళ్లాలి, డబ్బు పెట్టింది మీ ఫ్రెండో బావగారో అయితే సినిమా హక్కులు ఎవరివో, ప్రైజ్ మనీ ఎవరికో ముందే ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి, అవార్డు వచ్చాక ఆ మాట ఎత్తితే సంబంధాలే చెడిపోతాయి. సెన్సార్ సర్టిఫికెట్ అడిగేచోట, ముఖ్యంగా ప్రభుత్వ అవార్డుల్లో, ఏ ఏడాది సినిమాగా లెక్కేస్తారన్నది సర్టిఫికెట్ మీది తేదీని బట్టే ఉంటుంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం మొదటిసారి ఇచ్చిన గద్దర్ అవార్డులు కూడా పోయిన మనిషి పేరు మీదివే, కానీ ఆ పద్ధతి ఒక కుటుంబమో సొసైటీయో నడిపేవాటిలా ఉండదు, అక్కడ ఫారాలూ తేదీలే ముఖ్యం. సర్టిఫికెట్‌కి సెన్సార్ బోర్డువాళ్ల ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో అప్లై చేయాలి, హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. డిసెంబర్ దాకా ఆగకండి.

యూట్యూబ్‌లో పెట్టాలన్న ఆత్రం కొన్నాళ్లు ఆపుకోండి. జనం ముందుకి ఎక్కడా రాని సినిమానే కావాలనే చోట్లు ఉన్నాయి, ఒకసారి పబ్లిక్ చేశాక వెనక్కి తీసుకున్నా లాభం ఉండదు. పాస్‌వర్డ్ ఉన్న లింక్ పంపండి, ఫలితాలు వచ్చేదాకా పాస్‌వర్డ్ మార్చకండి. సబ్‌టైటిల్స్ ఫైల్ విడిగా కూడా ఉంచుకోండి. మ్యూజిక్ ఎక్కడిదో, దాని లైసెన్స్ ఎక్కడుందో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, టైటిల్స్‌లో వాడిన తెలుగు ఫాంట్‌కి కూడా లైసెన్స్ ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు. యానిమేటర్లకి ఇంకో రెండు: స్టూడెంట్ లైసెన్స్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన పనిని ఎక్కడెక్కడ వాడొచ్చో షరతులు చదవండి, బ్యాక్‌గ్రౌండ్లు గీసిచ్చిన స్నేహితుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. స్టోరీబోర్డులు, కెమెరా కింద పెట్టి తీసిన అసలు బొమ్మలు పారేయకండి, పని మీదేనని చెప్పే సాక్ష్యం అవే.

ఫీజు విషయంలో జాగ్రత్త. పేరూ ఊరూ లేకుండా, మనిషి ఫొటోకి దండ వేసి, 'మెమోరియల్' అని తగిలించి, ఎంట్రీకి డబ్బు కట్టించుకుని అందరికీ ఏదో ఒక సర్టిఫికెట్ మెయిల్ చేసేవి పెరిగిపోయాయి. పాత విజేతల జాబితా, జ్యూరీ సభ్యుల పేర్లు, సినిమా నిజంగా తెర మీద వేశారా లేదా, ఈ మూడూ దొరక్కపోతే వదిలేయండి. పోయిన ఏడాది గెలిచినవాళ్లకి ఒక మెసేజ్ పెట్టి అడిగితే ఇంకా మంచిది, కొత్తవాళ్లు అడిగితే చాలామంది చెబుతారు.

అవార్డు వస్తే ప్రైజ్ మనీ మీద పన్ను సంగతి ఆడిటర్‌ని అడగండి, మినహాయింపు ఉండేది ప్రభుత్వం గుర్తించినవాటికే. వీలైతే ఆ సభకి మీరే వెళ్లండి, కొరియర్‌లో మెమెంటో తెప్పించుకోవద్దు. అక్కడ ముందు వరుసలో ఆ పోయిన మనిషి తల్లో, భార్యో, స్నేహితులో కూర్చుని ఉంటారు, సినిమా అయ్యాక వాళ్లు మీతో మాట్లాడాలనుకుంటారు.