ముందు వాహనం హఠాత్తుగా ఆగితే బైకును అదుపు తప్పకుండా ఎలా ఆపాలి?

రద్దీ వేళలో ముందు వెళ్తున్న కారు ఉన్నట్టుండి ఆగింది. వెనక బైకు మీద ఉన్న వ్యక్తి కంగారులో వెనుక బ్రేకును బలంగా తొక్కాడు. చక్రం తిరగడం మాని జరజరా జారింది. బైకు వెనుక భాగం పక్కకు తిరిగి, కారుకు జానెడు దూరంలో ఆగింది. గండం గడిచింది గానీ, బైకును అసలు ఆపగలిగేది ముందు బ్రేకే, దాన్ని అతను ముట్టుకోనే లేదు. అది పడితే బోర్లా పడతామన్న భయం చాలామందిలో పాతుకుపోయింది. ఆ భయాన్ని పోగొట్టుకోవడమే మొదటి పని. వేగం తగ్గేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది. ముందు టైరు రోడ్డును అదిమి పట్టుకుంటుంది, వెనుకది తేలికవుతుంది. అందుకే బైకును ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే.

బ్రేకు కన్నా ముందు దూరం సంగతి చూడాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బైకు సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ప్రమాదాన్ని గుర్తించి చెయ్యి కదిలేలోపే ఆ దూరం అయిపోతుంది. ఆపైన పొడి రోడ్డు మీద చక్కగా బ్రేకు వేసినా ఇంకో 20 మీటర్లు కావాలి. కాబట్టి ముందు వాహనం ఏదైనా స్తంభాన్ని దాటాక మీరు అక్కడికి చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి. వానలో అంతకు రెట్టింపు. కారుకు సరిగ్గా మధ్యలో వెనక కాకుండా కాస్త పక్కగా నడపండి. ముందున్న దారి కనిపిస్తుంది, తప్పుకోవడానికి సందూ ఉంటుంది. రద్దీలో రెండు వేళ్లు ఎప్పుడూ ముందు బ్రేకు లివర్ మీదే ఉండాలి.

ఆపాల్సి వచ్చిన క్షణంలో యాక్సిలరేటర్ వదిలి, రెండు బ్రేకులూ కలిపి వేయండి. ముందు లివర్‌ను ఒక్కసారిగా గుంజకూడదు. మొదట మెల్లగా నొక్కితే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అది తెలిసిన వెంటనే ఒత్తిడిని ఆపకుండా పెంచుతూ గట్టిగా పట్టండి. ఈ రెండు దశలకూ కలిపి సెకను కూడా పట్టదు, కానీ ఆ క్రమం తప్పితేనే టైరు జారుతుంది. వెనుక బ్రేకు మాత్రం తేలికగా చాలు. మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టుకుంటే ఒంటి బరువు చేతుల మీద పడదు.

చూపు కారు మీద పాతుకుపోతే బైకు కూడా అటే పోతుంది. తల ఎత్తి దూరంగా, ఖాళీ ఉన్న వైపు చూడండి. బైకు ఒరిగి ఉంటే ముందు నిటారుగా చేసి, ఆ తర్వాతే గట్టిగా బ్రేకు వేయాలి.

ముందు చక్రం జారుతున్నట్టు అనిపిస్తే లివర్‌ను వెంటనే కొద్దిగా వదిలి, మళ్లీ మెల్లగా పట్టండి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బైకులో ఇలా చేయనక్కర్లేదు. లివర్ చేతిలో అదురుతుంది, అది పనిచేస్తోందని అర్థం. బెదిరి వదలకుండా ఆగేదాకా పట్టి ఉంచండి. తడిసిన రోడ్డు గీతలు, ఇనుప మూతలు, ఇసుక ఉన్నచోట మాత్రం ఏబీఎస్ కూడా టైరుకు లేని పట్టును తెచ్చిపెట్టలేదు.

ఆగబోయే ముందు క్లచ్ పట్టి, మొదటి గేరుకు దించండి. ఆగగానే అద్దంలో చూడండి. వెనక వచ్చేవారు ఆగలేకపోతే పక్కకు తప్పుకోవలసింది మీరే.

ఇదంతా చదివితే చేతికి రాదు. వాహనాలు తిరగని, ఇసుక లేని చదునైన చోట హెల్మెట్, చేతి తొడుగులు, బూట్లు వేసుకుని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టండి. తడబాటు పోయాకే వేగం పెంచండి. టైర్లుగానీ బ్రేకు ప్యాడ్లుగానీ కొత్తవి వేయించినప్పుడు మళ్లీ సాధన చేయండి. కొత్తలో వాటి పట్టు తక్కువగా ఉంటుంది, లివర్ స్పర్శ కూడా మారుతుంది.