వేడెక్కితే ఆగిపోయే కారు: క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్‌ను పరీక్షించే పద్ధతి

మే నెల మధ్యాహ్నం పంజాగుట్ట ట్రాఫిక్‌లో పెట్రోల్ కారు హఠాత్తుగా ఆగిపోయి, ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాక, అరగంట చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయితే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్‌ను అనుమానించవచ్చు. అయితే అనుమానం వేరు, నిర్ధారణ వేరు. లోపాల కోడ్‌లను చదివే స్కానర్‌లో పీ0335 అనే కోడ్ కనిపించగానే రాణిగంజ్‌కు వెళ్లి కొత్త సెన్సార్ కొని తెచ్చేవారున్నారు. ఆ కోడ్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపముందని మాత్రమే చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో వైర్లు, కనెక్టర్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) కూడా భాగాలే.

క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం ముందు ఈ సెన్సార్ కూర్చుంటుంది. చాలా కార్లలో 60 పళ్లకు చోటున్న చక్రానికి 58 పళ్లే ఉంటాయి. ఆ రెండు పళ్ల ఖాళీని బట్టి ఇంజన్ ఏ స్థితిలో ఉందో ఈసీయూ గుర్తిస్తుంది. ఈ సంకేతం అందకపోతే స్పార్క్, ఇంజెక్టర్లు రెండూ ఆగిపోతాయి. క్యామ్ సెన్సార్ ఆధారంగా, ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టించుకుని స్టార్ట్ అయ్యే బండ్లు కూడా కొన్ని లేకపోలేదు.

బండి ఆగిన చోటనే మొదటి పరీక్ష చేయవచ్చు. స్కానర్ తగిలించి, సెల్ఫ్ కొడుతూ లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూడాలి. సుమారు 150 నుంచి 300 వరకు చూపితే సంకేతం అందుతున్నట్టే కనుక, ఇంధనం, స్పార్క్, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకుంటే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) వైపు వెతకాలి. ఇంజన్ తిరుగుతున్నా సున్నా దగ్గరే నిలిచిపోతే సెన్సార్ సర్క్యూట్‌పై అనుమానం బలపడుతుంది. పెట్రోల్ అందని బండి సాధారణంగా కుదుపులతో నీరసించి ఆగుతుంది. సెన్సార్ పోయిన బండి స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది.

తరువాత వైర్లను చూడాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపే కార్లకు ఎలుకల బెడద ఎంతటిదో నగరవాసులకు చెప్పనక్కరలేదు. కనెక్టర్ ఊడదీసి పిన్నులకు పచ్చటి తుప్పు, నూనె, నీటి చెమ్మ ఉన్నాయేమో గమనించి, వైరును సున్నితంగా కదిలిస్తూ ఎక్కడైనా ఇన్సులేషన్ లేచిందేమో వెతకాలి.

మల్టీమీటర్ వాడే ముందు సెన్సార్ ఏ రకానిదో తెలుసుకోవాలి. రెండు వైర్లుంటే సాధారణంగా కాయిల్ రకం, మూడుంటే చాలావరకు హాల్ రకం (లోపల ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది). షీల్డు వైరుతో మూడు పిన్నులున్న కాయిల్ సెన్సార్లు కూడా ఉంటాయి కాబట్టి సర్వీస్ మాన్యువల్‌తో సరిచూసుకోవడం మంచిది. హాల్ సెన్సార్‌కు ఓమ్ మీటర్ పెట్టకూడదు, లోపలి సర్క్యూట్ చెడిపోవచ్చు.

కాయిల్ రకానికి నిరోధం చాలా కార్లలో 200 నుంచి 1500 ఓమ్‌ల మధ్య ఉంటుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది: చల్లగా ఉన్నప్పుడు చూసిన రీడింగ్‌ను నమ్మకూడదు. కాయిల్‌లో సన్నని రాగి తీగ విరిగి ఉంటే చల్లగా ఉన్నంతసేపు కొనలు తాకుతూ, వేడికి విడిపోతాయి. సెన్సార్‌ను ఊడదీసి, మీటర్ తగిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చేస్తూ రీడింగ్ చూడాలి. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల వద్ద 900 ఓమ్‌లు చూపిన కాయిల్ 95 డిగ్రీల వద్ద సుమారు 1150 చూపడం సహజమే, దానిని లోపమనుకోకూడదు. రీడింగ్ ఒక్కసారిగా ఎగిరినా, మీటర్ ‘ఓఎల్’ అని, అంటే తీగ తెగినట్టు, చూపినా సెన్సార్ పోయినట్టే.

హాల్ రకానికి కీ ఆన్ చేసి, సరఫరా వైరులో కారును బట్టి 5 లేదా 12 వోల్టులు వస్తున్నాయో, ఎర్త్ సరిగా ఉందో చూడాలి. ఇవి బాగుంటే కనెక్టర్ తిరిగి తగిలించి, సిగ్నల్ వైరును కనెక్టర్ వెనుక నుంచి మీటర్ ముల్లుతో తాకుతూ, పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి ఇంజన్‌ను చేత్తో మెల్లగా తిప్పించాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఈ సమయంలో ఎవరూ సెల్ఫ్ కొట్టకూడదు. వోల్టేజి ఎగువకు, దిగువకు మారుతూ ఉంటే సెన్సార్ పనిచేస్తున్నట్టు. ఈ పరీక్షను కూడా ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మరోసారి చేయాలి, చేయి కాలకుండా జాగ్రత్తపడుతూ.

సెన్సార్ బాగానే ఉండి కోడ్ మళ్లీ వస్తుంటే, దాని కొనకు అంటుకున్న ఇనుప రజను, విరిగిన పళ్లు, వంగిన చక్రం కారణం కావచ్చు.

కొత్తది వేసేటప్పుడు ఓ-రింగ్‌కు కాస్త ఇంజన్ ఆయిల్ రాసి, సుత్తితో కొట్టకుండా చేత్తోనే కూర్చోబెట్టాలి. కొన్ని కార్లకు స్కానర్‌తో రీలెర్న్ (కొత్త సెన్సార్ సంకేతాన్ని ఈసీయూకు మళ్లీ నేర్పించడం) కూడా చేయాలి. పాత కోడ్ తుడిచేసి, ఎండ పూట ఏసీ వేసి, రేడియేటర్ ఫ్యాన్ రెండు మూడుసార్లు తిరిగే వరకు నడిపి, ఇంజన్ ఆపి, పది నిమిషాలకు మళ్లీ స్టార్ట్ చేసి చూశాకే బండిని బయటి ప్రయాణానికి తీయాలి.