పిల్లలకి పొడవు కొలవడం నేర్పేటప్పుడు స్కేలు చివర్లో ఇవ్వండి

ఒకటి, రెండు క్లాసుల పిల్లలకి పొడవు పాఠం అనగానే చాలామంది ముందు స్కేలు చేతిలో పెట్టేస్తారు, దయచేసి అలా చెయ్యకండి. పిల్లలు అంకె చదివేస్తారు కానీ ఆ అంకె దేని లెక్కో వాళ్ళకి తెలీదు.

ముందు రెండు పెన్సిళ్ళు పక్కపక్కన పెట్టి ఏది పొడుగో అడగండి, రెండింటి మొదలూ ఒకే గీత మీద ఉండాలన్నది ఇక్కడే అలవాటు చెయ్యాలి. తర్వాత సమానంగా ఉన్న రెండు పుల్లల్లో ఒకదాన్ని కాస్త ముందుకి జరిపి మళ్ళీ అడగండి, అయిదారేళ్ళ పిల్లల్లో చాలామంది జరిపిందే పొడుగు అంటారు. తప్పు అనకుండా పుల్ల వాళ్ళ చేతికే ఇచ్చి వెనక్కి జరిపి చూసుకోమనండి.

ఇక జానలు. బల్లని అందరూ జానలతో కొలిస్తే ఒకరికి 8, పక్కవాళ్ళకి 7, మీకేమో 5 వస్తుంది, బల్ల ఒకటే కదా మరి ఇలా ఎందుకొచ్చింది అని అడిగి ఊరుకోండి. చెయ్యి చిన్నదైతే లెక్క పెరుగుతుందని ఎవరో ఒకరు కనిపెడతారు, ఆ మాట మాత్రం మీరు ముందే చెప్పేయొద్దు ప్లీజ్. ఆ తర్వాత ఒకే సైజు పేపర్ క్లిప్పులు, మధ్యలో ఖాళీ వదలకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పేర్చి కొలిపించండి.

అసలు చిక్కు స్కేలు దగ్గరే. కొందరు 1 నుంచి మొదలుపెడతారు, కొందరు స్కేలు అంచు నుంచి కొలుస్తారు (చాలా స్కేళ్ళలో సున్నా గీత అంచుకి కొంచెం లోపలుంటుంది), ఇంకొందరు గీతలు లెక్కపెడతారు, లెక్కపెట్టాల్సింది గీతల మధ్య ఉన్న జాగాని. అందుకే స్కేలు వాళ్ళతోనే చేయించండి, అట్ట ముక్క మీద 1 సెంటీమీటరు గళ్ళు 10 అంటించి, ఒకటి విడిచి ఒకటి రంగు వేసి, ప్రతి గడి పూర్తయిన చోట అంకె రాయించాలి. అప్పుడు పెన్సిల్ ముక్కని 2 దగ్గర మొదలయ్యి 7 దగ్గర ఆగేలా పెట్టి పొడవెంతో అడగండి. 7 అన్నారంటే ఇంకా పట్టుబడలేదన్నమాట, గళ్ళు వేలితో లెక్కపెట్టిస్తే 5 అని వాళ్ళే తేలుస్తారు.

కొలిచే ప్రతిసారీ ముందు ఊహించి రాయమనండి. చివర్లో గడి సగంలో ఆగిపోతే '7 కంటే కొంచెం ఎక్కువ' అని రాస్తే చాలు, మిల్లీమీటర్ల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.