సీమ ఎండల్లో పిల్లిని పెంచుతున్నారా? అది ఏం చెబుతోందో ఇలా చూడండి

అనంతపురం పల్లెల్లో ఒకప్పుడు పిల్లిని పనిగట్టుకుని పెంచినవాళ్లు తక్కువ. బుడ్డల (వేరుశనక్కాయల) మూటలు వేసిన ఇంట్లో ఎలుకలుంటాయి, ఎలుకలున్న చోటికి పిల్లి వస్తుంది, గవాచిలోంచి దిగేది, మళ్లీ అట్నుంచే పోయేది, అంతే సంబంధం. ఇప్పుడు కర్నూలు అపార్ట్‌మెంట్లలో, కడపలో మేడమీది వాటాల్లో అది ఇరవై నాలుగ్గంటలూ మనతోనే ఉంటోంది, దాంతో ప్రశ్నలు మొదలయ్యాయి. నిమురుతుంటే బాగానే ఉండి ఉన్నట్టుండి ఎందుకు కరిచింది, తెల్లారుజామున నాలుగింటికి ఎందుకు అరుస్తుంది, ఇసుక పెట్టినా పరుపు మీదే ఎందుకు పోస్తుంది. చివరికి "పిల్లికి విశ్వాసం ఉండదులే" అని తేల్చేస్తారు. కరవడమనేది పిల్లి ఆఖరుకు చేసే పని. దానికి ముందు అది చాలానే చెప్పి ఉంటుంది, మనం దాని నోటి నుంచి ఏం వస్తుందా అని చూస్తాం కాబట్టి మిగతాది మన కంట పడదు.

తోక దగ్గర మొదలుపెట్టండి. తోక నిటారుగా లేపి, కొస కొంచెం వంచి మీ వైపు వస్తుంటే పలకరిస్తోందని. అప్పుడు కాళ్లకు బుగ్గలు రుద్దుతుంది కూడా, బుగ్గల దగ్గర వాసన గ్రంథులుంటాయి, మీరు తన వాళ్లని ముద్ర వేసుకుంటోంది. తోక అటూ ఇటూ కొడుతుంటే మాత్రం కుక్కలాగా సంతోషంతో ఆడిస్తోందనుకోవద్దు, అది చిరాకు. కొస మాత్రమే కదులుతుంటే చిరాకు మొదలైందని (లేదా బల్లి మీద కన్ను పడిందని, ఎదురుగా ఏముందో చూసుకోండి), మొత్తం తోక నేలకేసి కొడుతుంటే ఇంక చాలు వదిలేయమని. తోక వెంట్రుకలు నిక్కబొడుచుకుని లావుగా అయిందంటే భయం. చెవులు ముందుకుంటే ప్రశాంతం, పక్కలకు వాలితే అనుమానం, వెనక్కి తలకు అతుక్కుపోతే దగ్గరికి పోకండి. కంటిపాప ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం, చీకట్లోనూ పెద్దదవుతుంది, ఆటలోనూ, భయంలోనూ. తోక, చెవులు, ఒళ్లు కలిపి చూడాలి.

నిమిరేటప్పుడు కరిచే పిల్లికి ఒక పద్ధతి ఉంది, చాలామంది ఇళ్లలో దీంతోనే సగం గొడవ తీరిపోతుంది. మీరు దాని మీదికి చేయి పెట్టకుండా, వేలు ముందుకు చాపి ఆగండి. వాసన చూసి బుగ్గ రుద్దితే గడ్డం కింద, బుగ్గల మీద, చెవుల మధ్య రెండు మూడు క్షణాలు నిమిరి చేయి తీసేయండి. మళ్లీ తల తెచ్చి పెడితే కొనసాగించండి, అలాగే కూర్చుంటే ఈ పూటకు చాలని అర్థం. వీపు మీద చర్మం అలలా వణికినా, తోక కొస కదిలినా, తల తిప్పి మీ చేతినే చూసినా వెంటనే ఆపాలి. కరిచాక ఆపితే అది నేర్చుకునేది ఒకటే, కరిస్తే గానీ వీళ్లకు అర్థం కాదని. ఇక పొట్ట. వెల్లకిలా పడుకుని పొట్ట చూపించిందంటే మీ దగ్గర భయం లేదని చెప్పడం, అక్కడ చేయి పెట్టమని పిలవడం కాదు. పెట్టారంటే ముందుకాళ్లతో పట్టుకుని వెనకకాళ్లతో గీరేస్తుంది, పిల్లలున్న ఇళ్లలో ముందుగా నేర్పాల్సింది ఇదే.

కొత్త పిల్లి దగ్గరికి రాకపోతే ఇంకోటి చేసి చూడండి. కొంచెం దూరంలో కూర్చుని దాని వైపు చూస్తూ కళ్లు నెమ్మదిగా సగం మూసి, మళ్లీ తెరవండి. 2020లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు దీని మీద పరిశోధన ప్రచురించారు, మనిషి ఇలా చేస్తే పిల్లులు తిరిగి అలాగే కళ్లు ఆర్పడం, తెలియని మనిషి చేతి దగ్గరికైనా రావడం ఎక్కువైందని తేలింది. రెప్ప వేయకుండా చూస్తే మాత్రం అది బెదిరింపు కింద లెక్క, ఇంటికొచ్చిన చుట్టాలు చేసేది సరిగ్గా అదే.

అరుపుల సంగతి

పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. పిల్లకూనలు తల్లిని పిలవడానికి అంటాయి, పెద్దయ్యాక ఆ అరుపును మనుషుల కోసమే దాచుకుంటాయి. ఏ అరుపుకు మనం లేచి గిన్నె నింపుతామో ఆ అరుపునే పట్టుకుంటాయి, అందుకే మీ పిల్లి భాష మీ ఇంటికే ప్రత్యేకం, పక్కింటివాళ్ల పిల్లితో పోల్చి లాభం లేదు. గొంతులో ట్ర్ర్ అని చిన్నగా అంటే పలకరింపు. కిటికీలోంచి పావురాన్ని చూస్తూ దవడ కటకటలాడిస్తుంటే అందని వేట మీద ఆత్రం. బుస్ అంటే భయపడింది, దూరం పొమ్మంటోంది, అప్పుడు కొట్టినా, నీళ్లు చల్లినా మీరంటే భయం పెరుగుతుందే తప్ప వేరే ఏం నేర్చుకోదు. గురగుర అంటే సుఖంగా ఉందని మనకు తెలిసిందే గానీ నొప్పితో ఉన్నప్పుడు కూడా పిల్లి గురగురలాడుతుంది, తిండి మానేసి మూల కూర్చుని గురగురలాడుతుంటే మురిసిపోకుండా డాక్టర్‌కు చూపించండి.

తెల్లారుజామున లేపడం మొండితనం కాదు, తెల్లవారేటప్పుడూ పొద్దు గూకేటప్పుడూ వేటాడే జంతువది. రాత్రి పడుకునే ముందు దారానికి ఈక కట్టి బాగా పరిగెత్తించి, ఆ తర్వాత పొట్ట నిండా పెట్టండి, ఆడి తిన్న పిల్లి పడుకుంటుంది. నాలుగింటికి అరిస్తే లేచి పెట్టకండి, ఒక్కసారి పెట్టారంటే రేపటి నుంచి అదే టైమింగ్.

నాలుగైదు నెలలు దాటిన ఆడపిల్లి రాత్రంతా ఏడ్చినట్టు అరుస్తూ, నేల మీద దొర్లుతూ, నడుము పైకి లేపుతుంటే కడుపునొప్పి అని టెన్షన్ పడతారు. ఎదకొచ్చింది, అంతే. బయటికి వదిలితే సుమారు 63 నుంచి 65 రోజులకు పిల్లలు. ఆపరేషన్ చేయించండి, "ఒక్క ఈతైనా ఈననీ" అనే సలహా ఎక్కడిదో గానీ దానివల్ల పిల్లి ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. గండుపిల్లి తోక నిలబెట్టి వణికిస్తూ గోడ మీద చిమ్ముతుంటే అది తన హద్దు రాసుకోవడం, దానికీ ఆపరేషన్‌తో చాలావరకు తగ్గుతుంది.

ఇసుక, నీళ్లు, ఎండ

ఈ మూడూ మన ప్రాంతంలో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి కలిపే చెబుతున్నా. మన ఇళ్లలోని పిల్లుల పూర్వీకులు ఎండు నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. తిన్న ఎలుకలోని తడితోనే బతికేవి, మూత్రాన్ని బాగా చిక్కబరచుకోగలవు, దాహం మీద ధ్యాస తక్కువ. అలాంటి జంతువుకు మే నెల కర్నూలు ఎండలో పొడి క్యాట్ ఫుడ్ మాత్రమే పెట్టి, దాని పక్కనే చిన్న గిన్నెలో నీళ్లు పెడితే అది సరిపడా తాగదు. నీళ్లు తిండికి దూరంగా, రెండు మూడు చోట్ల, మీసాలు అంచుకు తగలని వెడల్పాటి మట్టి మూకుళ్లలో పెట్టండి, పూటపూటా మార్చండి. తిండిలోనూ నీళ్లు కలపండి. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకుండా చికెన్ ఉడికించిన నీళ్లైతే చాలా పిల్లులు ఇష్టంగా తాగుతాయి.

ఇసుకలో కాకుండా బయట పోస్తుంటే పగతో చేసిందనుకోకండి. టబ్బు శుభ్రంగా ఉందా, వాషింగ్ మెషిన్ పక్కన చప్పుడులో పెట్టారా, దారిలో ఇంకో పిల్లి కాపు కాస్తోందా, వాసనల ఇసుక కొత్తగా మార్చారా, ఇవి చూడండి. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ టబ్బులుండాలి. జల్లించిన మామూలు ఇసుకైనా పరవాలేదు, రోజూ తీసేయాలి. ఇంట్లో గర్భిణులుంటే ఆ పని ఇంకొకరు చేయాలి, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మలంలో పడ్డాక ఒకటి నుంచి ఐదు రోజుల్లో అంటుకునే దశకు వస్తుంది, ఏ రోజుకారోజు తీసేయమనేది అందుకే.

ఇప్పుడు ముఖ్యమైనది. మగ పిల్లి మాటిమాటికీ ఇసుకలోకి పోయి ముక్కుతూ, చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, అసలు రాకపోయినా, అక్కడే నాక్కుంటూ అరుస్తున్నా అది మలబద్ధకం అనుకుని ఇంట్లో మందు వేయకండి. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, రేపు చూద్దాం అనే మాటే వద్దు.

ఎండ విషయానికొస్తే, కడప బండల నేల మీద పిల్లి నిలువునా సాగిపడి పడుకుంటే అది హాయిగా ఉన్నట్టే, బేతంచర్ల బండలైనా అంతే, ఆ చల్లదనం దానికి బాగా తెలుసు. నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే మాత్రం మామూలు కాదు. చొంగ కారడం, తూలడం కూడా ఉంటే వడదెబ్బ. నీడలోకి తెచ్చి, ఐసు నీళ్లు కాకుండా మామూలు చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాన్ కింద పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. మధ్యాహ్నం మిద్దె మీదికి పోయే తలుపు వేసేయండి. కాలుగాలిన పిల్లి అనే మాట మన మిద్దెల మీద అక్షరాలా నిజమవుతుంది. పర్షియన్ పిల్లి గురించి సూటిగా చెప్పాలంటే, చప్పిడి ముక్కుతో, అంత బొచ్చుతో దానికి ఈ వేడిలో ఊపిరాడటమే కష్టం, ఏసీ గానీ మంచి కూలర్ గానీ లేని ఇంట్లో కొనకండి. సందులో దొరికే నాటు పిల్లి మన వాతావరణానికి వెయ్యి రెట్లు నయం.

పెరుగన్నం పెట్టి పెంచుతున్నామనేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. పిల్లి పూర్తిగా మాంసాహారి, టారిన్ అనే పదార్థం మాంసం నుంచే దానికి అందాలి, అది తక్కువైతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. తీపి రుచి దానికి తెలియనే తెలియదు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. మాంసం వండని ఇల్లైతే కంప్లీట్ అని రాసున్న క్యాట్ ఫుడ్ కొనండి, కుక్కల ఫుడ్ దానికి బదులు కాదు. సంగటీ నాటుకోడి పులుసూ చేసుకున్న రోజు దానికీ ఓ ముక్క వేయాలనిపిస్తుంది, మసాలా వేయకముందే తీసి పెట్టండి, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లిని చంపుతుంది, జ్వరమని విరిచి వేయకండి. దాని కాలేయానికి అలాంటి వాటిని విరిచే శక్తి లేదు. ఫినాయిల్ కూడా ఇంతే, తుడిచిన తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, సబ్బు నీళ్లు చాలు. కుక్కల గోమార్ల మందు, ఎలుకల మందు, మందు తిన్న ఎలుక, వీటన్నిటికీ దూరంగా ఉంచండి.

సోఫా గీరుతుందని కొట్టడం దండగ. గోళ్లు దులుపుకోవడం, వాసన వదలడం, ఒళ్లు విరుచుకోవడం మూడూ అందులో ఉన్నాయి. బుడ్డల గోనెసంచిని ఒక గట్టి కర్రకు బిగించి చుట్టి, అది నిలబడి సాగేంత ఎత్తులో, ఇప్పుడు గీరుతున్న సోఫా పక్కనే కదలకుండా నిలబెట్టండి. ఎక్కడో మూలన పెడితే దాని వంక కూడా చూడదు. బీరువా మీదో అటక మీదో దానికంటూ ఒక చోటు వదలండి, ఎత్తు మీద ఉంటే దానికి ధైర్యం. వినాయక నిమజ్జనం రోజు డీజే మోగుతుంటే, దీపావళికి, అది మంచం కిందికి దూరుతుంది, బయటికి లాగొద్దు, ఓ పాత చీర కప్పిన అట్టపెట్టె అక్కడే పెట్టండి.

కరిచినా గీరినా చర్మం మీద గాటు పడితే, రక్తం రాకపోయినా సరే, పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా గురించి అడగండి, ఇంటి పిల్లే కదా అనుకోవద్దు. పిల్లికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, అంతకు ముందు నుంచే మిగతా టీకాలు వేయించాలి.

జబ్బు చేసిన పిల్లి చాలావరకు అరవదు, దాక్కుంటుంది. ఒళ్లు నాక్కోవడం మానేయడం, ముడుచుకుని కూర్చోవడం, ఎప్పుడూ ఎక్కే చోటు ఎక్కకపోవడం, ఒక రోజుకు మించి ఏమీ తినకపోవడం, వీటిలో ఏది కనిపించినా బయల్దేరాలి. ఊళ్లో ప్రభుత్వ పశువైద్యశాల ఉంటుంది, కడప వైపు వాళ్లకు ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. సంచార పశువైద్య వాహనాల నంబర్ 1962. పిల్లిని తీసుకెళ్లే బుట్టను ముందు నుంచే ఇంట్లో తెరిచి ఉంచి, లోపల పాత గుడ్డ వేసి, అప్పుడప్పుడూ అందులోనే తిండి పెడుతుంటే ఆ రోజు పట్టుకోవడానికి యుద్ధం చేయక్కర్లేదు. ఆస్పత్రి బల్ల మీద ఏ పిల్లైనా రాయిలా బిగుసుకుపోయి ఇంట్లో చూపించిన లక్షణం ఒక్కటీ చూపించదు. అందుకే నడక తేడాగా ఉన్నా, దగ్గుతున్నా, ఇసుకలో ముక్కుతున్నా ఇంట్లోనే ఫోన్‌లో వీడియో తీసి, ఎప్పుడు మొదలైందో, చివరిసారి ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు మూత్రం పోసిందో రాసుకుని వెళ్లి డాక్టర్‌కు అదే చూపించండి.