కువైట్ పెట్టెతో వచ్చిన పురుగు: నా అనుభవం

కువైట్ నుంచి తమ్ముడు సోంపేట వచ్చిన రెండు వారాలకు, పొద్దున్న లేచేసరికి అందరి చేతుల మీద వరసగా మూడేసి దద్దుర్లు. దోమల కాయిల్, వేపాకు పొగ, ఫినాయిల్ ఏవీ పనిచేయలేదు. తమ్ముడేమో ఎడారి పురుగేనని టెన్షన్ పడ్డాడు.

పని చేసింది ఇది. తెల్లవారుజామున 3 గంటలకు లైటు వేయకుండా టార్చితో పరుపు కుట్టు విప్పదీసి చూశాను. పెన్ను సిరా చిందినట్టు నల్లటి చుక్కలు, ఎండిన పొట్టు, వాటి మధ్య ఆపిల్ గింజంత ఎర్రటి పురుగు. సెల్లో టేపుతో పట్టి, తెల్ల కాగితం మీద అంటించి, ఫోన్ కెమెరాలో పెద్దది చేశాను. ఆరు కాళ్లు, రెక్కల్లేవు, ఒళ్లు చదును. ఎనిమిది కాళ్లుంటే గోమారి అనుకునేవాణ్ణి. ఇది నల్లి.

తర్వాత పెట్టె జిప్పు అంచులు చూస్తే అక్కడా అవే చుక్కలు! బట్టలన్నీ మరిగే నీళ్లలో నానబెట్టాం, మంచం కీళ్లలో అవే నీళ్లు పోశాం. గుడ్లు పొదగడానికి దాదాపు వారం, పది రోజులు పడుతుంది కాబట్టి పదో రోజున మళ్లీ చేశాం. నెలైంది, దద్దుర్లు లేవు.

మాది ఒకే గది, చెక్క మంచం. గోడ పగుళ్లలోకి, స్విచ్ బోర్డుల్లోకి చేరితే ఇది సరిపోకపోవచ్చు; అక్కడ మాత్రం నీళ్లు పోయకండి.